లోపలి గీత చెరిపినందుకు

మదనపల్లె నుంచి రోజూ బస్సులో పుంగనూరు వెళ్ళి, మేడమీద నాలుగు కంప్యూటర్లున్న ఆఫీసులో పటాలు సిద్ధం చేసేదాన్ని. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు అని ఇంటర్నెట్‌లో పెట్టిన పటమే మా ముడిసరుకు. కూలికి పోయి నన్ను చదివించిన అమ్మకి, కూతురు ఫ్యాను కింద కూర్చుని జీతం తీసుకోవడం గొప్ప. నాకూ పొగరుండేది, దాచడమెందుకు.

పటంలో అడవి చుట్టూ ఒక గీత ఉంటుంది. గారెకు చిల్లి ఉన్నట్టు అడవి నడుమ ఊరో పొలమో ఉంటే, దాని చుట్టూ లోపల ఇంకో గీత ఉంటుంది. ఈ ముక్క అడవి కాదు అని దానర్థం. కుప్పం వైపు అడవి పటం చేస్తున్నప్పుడు, లోపలి గీతలు కొన్ని బయటి గీతకు తగులుతున్నాయని ప్రోగ్రాం మాటిమాటికీ ఆగిపోయింది. సాయంత్రానికల్లా అటవీశాఖకు పంపాలి. లోపలి గీతలన్నీ వదిలేయమని ఒక్క లైను రాశాను. చకచకా నడిచింది. తర్వాత సరిచేద్దాంలే అనుకుని టీకి వెళ్ళాను, మరిచిపోయాను.

ఆ పటం చూసుకునే ఏనుగులు ఊళ్ళ మీదికి రాకుండా కందకం ఎక్కడ తవ్వాలో నిర్ణయించారు. అడవి బయటి అంచున తవ్వారు. నడుమ ఉన్న పదకొండు ఇళ్ళ చుట్టూ ఒక్క గంప మట్టి ఎత్తలేదు. మా కాగితాల్లో అక్కడ చెట్లే తప్ప మనుషులు లేరు.

ఆ ఊరివాళ్ళ అర్జీ తిరిగి తిరిగి మా ఆఫీసుకు వచ్చినప్పుడు గానీ నేను రాసిన ఆ ఒక్క లైను గుర్తుకు రాలేదు. అప్పటికప్పుడు పటం సరిచేసి మా సారు ముందు పెట్టాను.

"టెండరు అయిపాయ, తవ్వేదీ అయిపాయ. ఇబ్బుడు దీన్ని ఎవురు సూస్తారమ్మా?" అన్నాడు.

అయినా పంపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మూడుసార్లు పంపినా జవాబు రాలేదు.

ఉండబట్టలేక ఒక ఆదివారం వి.కోట మీదుగా ఆ ఊరికి వెళ్ళాను. అర్జీలో మొదటి వేలిముద్ర ఒక పెద్దమ్మది. ఆమె ఇంటి పక్కన రాగి చేను ఏనుగుల తొక్కిడికి నేలకు అతుక్కుపోయింది. తప్పు నాదేనని చెప్పేశాను. సరిచేసిన పటం ఫోనులో తెరిచి చూపించాను.

ఆమె ఒక్కో ఇంటి మీదా వేలు పెట్టి లెక్కపెట్టుకుంది. "ఇండ్లన్నీ ఉండాయే. మల్లా ఇబ్బుడన్నా తవ్వుతారామ్మా?"

"తెలీదు పెద్దమ్మా" అన్నాను. అదీ అబద్ధమే. తవ్వరని నాకు తెలుసు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా సంగటి పెట్టింది. నాలుగు కాకముందే నన్ను లేవదీసింది. "పొద్దు వాలితే దిగుతాయి తల్లీ. ఈడ ఉండద్దు, పద."

కందకం మీద దారికి అడ్డంగా తీగల గేటు ఉంది. అక్కడిదాకా నాతో నడిచొచ్చింది. నేను దాటి నిలబడ్డాను.

"తీసిపెట్టగూడదంట. ఆ పక్క ఊర్లోళ్ళకి కష్టమవతాది" అని, అడవి వైపు నుంచి తన చేత్తోనే గేటు మూసి గొళ్ళెం పెట్టింది.