మంచానికి ఐదుగురం

ఆ రోజుల్లో మంచం అంటే ఇద్దరు మనుషులు పడుకునే వస్తువని అమాయకంగా నమ్మేదాన్ని. పెళ్లై మల్కాపురంలో అద్దింటికి వచ్చిన మొదటి రోజే ఆ నమ్మకం పోయింది. మా ఆయన పోర్టులో క్రేన్ నడుపుతాడు. అంతంత కంటైనర్లను పూలబుట్టల్లా దించే ఆ మనిషి, ఇంట్లో రెండు వీధికుక్కల్ని మంచం మీంచి దించలేడు. ఒకదాని పేరు పకోడీ, రంగు అలాంటిది. రెండోది సింహం. (కుక్కర్ కూత వేస్తే మంచం కిందికి దూరేది సింహమే.) దుప్పటి వాటిది, దిండు మా ఆయనది, మిగిలిన అంచు నాది.

పాపకి ఐదో నెల వచ్చాక, పురిటికి వెళ్లిన నన్నూ, పాపనీ దిగబెట్టడానికి మా అమ్మ పెందుర్తి నుంచి వచ్చింది. మా పుట్టింటివాళ్లు గోదావరి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి స్థిరపడ్డవాళ్లు, మా ఆయన వాళ్లది జాలరిపేట. మాది ప్రేమపెళ్లి. అందుకని మా అమ్మా, మా అత్తా పెళ్లినాడు ఒకరికొకరు నమస్కారం పెట్టుకోవడమే తప్ప ఆ తర్వాత మాట్లాడుకున్నది లేదు. గొడవేం లేదు, మాటలే లేవు. (గొడవ ఉంటే కనీసం మాట్లాడుకునేవారు.) ఆ మౌనం మధ్య నేను రెండిళ్లకీ తిరుగుతూ, ఒకరు చెప్పని పలకరింపులు ఇంకొకరికి అందిస్తూ ఉండేదాన్ని.

అమ్మ గుమ్మంలో అడుగుపెట్టేసరికి పకోడీ, సింహం మంచం మీద కాళ్లు బారజాపుకుని ఉన్నాయి. "పాపనెక్కడ పడుకోబెడతారే?" అంది అమ్మ నెమ్మదిగా. "ఇక్కడే అత్తయ్యగారూ, మద్దిలో. ఇవి రెండూ సెరో పక్కా కాపలా కాత్తాయి," అన్నాడు మా ఆయన సంబరంగా. అమ్మ సంచి కింద పెట్టింది. "చంటిపిల్లనా? కుక్కల మధ్యనా? చూడు బాబూ, ఈ ఇంట్లో అవైనా ఉండాలి, నా మనవరాలైనా ఉండాలి. తేల్చుకోండి." తేల్చుకోవడానికి మా ఆయన నా వంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను. సాయంత్రం వాటిని ఆటో ఎక్కించి జాలరిపేటలో వాళ్లమ్మ దగ్గర వదిలి వచ్చాడు. "పకోడీ ఆటో ఎనకాల పరిగెట్టిందే," అని మాత్రం అని, అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మంచం ఒక్కసారిగా మైదానమైపోయింది. కావలసినంత చోటు దొరికింది కానీ, నాకేమంత సుఖంగా లేదు.

వారం తిరక్కుండానే, అమ్మ ఇంకా మా దగ్గరుండగానే, ఓ మధ్యాహ్నం మా గుమ్మం ముందు ఆటో ఆగింది. చంకన చేపల తట్ట, చేతిలో రెండు తాళ్లు, ఆ తాళ్ల చివర మా కుక్కలు. మా అత్త దిగింది. "ఓలమ్మా, ఏటీ కుక్కలు! సేప తలకాయేత్తే మూతి తిప్పుకుంటన్నాయి, బిస్కట్లు కావాలట. కెరటం సూత్తే పారిపోతన్నాయి. మంచమెక్కీసి మీ మావని కిందకి తోసీసినాయి. పాపం, ఆ మనిసి పడవలో తొంగుంటన్నాడు. నాను ఉంచలేను తల్లీ!" అంటూ లోపలికొచ్చి, మా అమ్మని చూసి టక్కున ఆగిపోయింది. అమ్మ చీర కొంగు సర్దుకుంది.

అత్త చూపు మంచం మీద పాప వైపు మళ్లింది. "ఇంతకీ ఈటినెందుకు పంపీసినార్రా?" అనడిగింది కొడుకుని. "పాపని ఈటి మద్దిలో పడుకోబెడతానన్నానని, అత్తయ్యగారు..." అని నసిగాడు. "బుద్దుందేట్రా నీకు? పసిగుంట మొకం మీద కుక్క కాలేత్తే ఏటవుద్ది? వదిన సెప్పింది నిజిమే కదా!"

వదిన! ఆ ఒక్క మాట కోసం నేను ఏడాదిన్నరగా కాచుకుని ఉన్నాను. అమ్మ ముఖం విప్పారింది. "నేనూ అదే అంటున్నాను వదినగారూ. వీళ్లు వింటేగా!" అంది.

ఇక ఇద్దరూ ఒక పక్షం, మేమిద్దరం దోషులం. నా మెత్తటి నూలుచీర ఒకటి అత్త లాక్కుని దూలం కొక్కేనికి ఉయ్యాల కట్టింది. (పడవకి వేసే ముడి అట, తుపానుకీ ఊడదట.) అమ్మ రెండుసార్లు గట్టిగా లాగి చూసి, సరేనంది. పాపని అందులో వేశారు. సింహం భయంభయంగా దగ్గరికొచ్చి వాసన చూసి, ఫట్‌మని తుమ్మింది. తన తుమ్ముకి తానే జడిసి మంచం కిందికి దూరింది. అంతవరకూ చిరునవ్వులే తప్ప ఎరగని మా పాప, కిలకిలా గట్టిగా నవ్వింది! పుట్టాక అదే మొదటిసారి. మా అమ్మ అత్త చెయ్యి పట్టుకుని, "విన్నారా, విన్నారా?" అంటూ తానూ పాపలా నవ్వింది.

"సరే, వీటిని నేల మీద ఉండనీండి. స్నానం మాత్రం చేయించాలి, మంచం ఎక్కకూడదు," అని అమ్మ తీర్పు చెప్పింది. ఆ పూట చేపల పులుసులో చింతపండు ఎంత వెయ్యాలన్న దాని మీద వంటింట్లో వాళ్లిద్దరికీ పెద్ద గొడవే అయింది. నాకు అంత తియ్యని గొడవ ఇంకోటి తెలీదు. కుక్కలు బుద్ధిగా చాప మీదికి దిగాయి. వాటికి తోడుగా మా ఆయనా దిగిపోయాడు.

ఇంటికెళ్లిన మర్నాడు అమ్మ ఫోన్ చేసింది. "పాప పాలు తాగిందా? అల్లుడు తిన్నాడా? ఆ వెధవలు తిన్నాయా? వదినగారు మళ్లీ ఎప్పుడొస్తారట?" అని అన్నీ అడిగింది, నా సంగతి తప్ప. ఆ పూటంతా అలిగి కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, అప్పట్లో నేనైన ఆ పిల్ల మీద నవ్వూ, కాస్త ముద్దూ కూడా వస్తాయి. కోరుకున్నవన్నీ ఒక్క మధ్యాహ్నంలో ఇంటికి నడిచొస్తే, అన్నం తిన్నావా అని తననెవరూ అడగలేదని కళ్లనీళ్లు పెట్టుకుంది, పిచ్చిది.