నేను మార్చి చెప్పిన మాట

ఆ పిల్ల పేరు రాయను. వాళ్ల ఊరి పేరు కూడా రాయను. మాది జగదల్‌పూర్ నుంచి కొంటాకు పోయే పెద్దరోడ్డు మీద ఒక చిన్న ఊరు, అంతవరకు చాలు. నేను అక్కడ జాకెట్లు కుట్టి బతుకుతాను. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ. ఇక్కడి ఆదివాసులు మాట్లాడే దోర్లీ మాత్రం చిన్నప్పుడు మా అమ్మ వెంట మిరప తోటల్లో కూలికి పోయి, పక్క సాలులో ఏరే ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్నాను. ఇన్ని భాషలు వచ్చని నాకు కొంచెం గొప్పగానే ఉండేది.

పెళ్లికి ముందు కబడ్డీ ఆడేదాన్ని. అందుకని ఆరేళ్ల కిందట మా ఊళ్లో ఆడపిల్లల జట్టు పెడదామని పెద్దమనుషులు అనుకున్నప్పుడు నన్నూ రమ్మన్నారు. జీతాలూ గీతాలూ ఏమీ లేవు, సాయంత్రం పని ముగించుకుని గ్రౌండుకు పోవడమే. ఆట నేర్పేది ఒకాయన. కాలేజీ రోజుల్లో బాగా ఆడినాయన, సొంత వ్యాను ఉన్నాయన. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లల్నీ, పక్క ఊళ్ల పిల్లల్నీ తనే తెచ్చేవాడు, ఆటయ్యాక తనే దింపేవాడు. అందరం కోచ్ సారు అనేవాళ్లం. మా ఆయనకు మలేరియా తలకెక్కినప్పుడు, వాగులు పొంగే వానలో, ఆయనే ఆ వ్యానులో భద్రాచలం దాకా తీసుకుపోయాడు. మా ఆయన బతికి ఇంటికొచ్చాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. దీన్ని నేను చాలా రోజులు సాకుగా వాడుకున్నాను కాబట్టి.

పోయినేడాది వానాకాలానికి ముందు, పిల్లలకు ఆటలు నేర్పేవాళ్లందరికీ ట్రైనింగ్ అని జగదల్‌పూర్ నుంచి ఒకామె వచ్చింది. బడి వరండాలో కూర్చోబెట్టి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా హిందీలో చెప్పింది. వచ్చిన తల్లుల కోసం నేనే దోర్లీలోకి మార్చి చెప్పాను. బండిలో ఒక్క పెద్దమనిషే పిల్లలతో పోకూడదు, ఇద్దరుండాలి అంది. పిల్ల ఏదైనా చెబితే నమ్మాలి, ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు అంది. ఎవరి మీద చెప్పిందో వాళ్లను పిలిచి పంచాయితీ పెట్టకూడదు, నేరుగా పోలీసులకో, పిల్లల హెల్ప్‌లైన్‌కో చెప్పాలి అంది. ఇంకో మాట కూడా అంది: పిల్ల ఏ మాట వాడితే ఆ మాటే రాయండి, మీరు దానికంటే మర్యాదైన మాట వెతకొద్దు. ఇవన్నీ నా నోటితోనే ఆ తల్లులకు చెప్పాను.

వ్యానులో ఇద్దరు పెద్దవాళ్లు అన్న దగ్గర కోచ్ సారు నవ్వి, బండి నాది, డీజిల్ నాది, ఇంకో మనిషిని ఎక్కడి నుంచి తేవాలి అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చివర్లో, పిల్లల భద్రత చూసే బాధ్యురాలిగా ఎవరి పేరు రాయాలంటే, జట్టు చూసేవాళ్లలో ఉన్న ఒక్క ఆడమనిషిని నేనే కాబట్టి నా పేరు రాశారు. గ్రౌండు పక్క గది గోడ మీద అది అంటించారు. రెండు వారాలు వ్యానులో నేను తోడు పోయాను. తర్వాత పెళ్లిళ్ల జాకెట్లు మీద పడ్డాయి, మానేశాను. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు.

ఆ పిల్లకు పదమూడేళ్లు, హాస్టల్లో ఉండేది. సన్నగా ఉండేది, కూతకు పోతే పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. వానలు వెనకబట్టాక గ్రౌండుకు రావడం మానేసింది. ఇంటి మీద బెంగేమో అనుకున్నాను. ఒక సంత రోజు వాళ్లమ్మ నా కొట్టుకు వచ్చింది. వచ్చి మిషను పక్కన నేల మీద కూర్చుంది. కొలతలిచ్చే ఆడవాళ్లు ఇద్దరు పోయేదాకా ఏమీ మాట్లాడలేదు. వాళ్లు పోయాక దోర్లీలో చెప్పింది. సారు తన పిల్లను అందరికంటే చివర్లో దింపుతున్నాడు. ముందు సీట్లో కూర్చోబెడుతున్నాడు. చేతులు వేయకూడని చోట వేస్తున్నాడు. అమ్మకు చెబితే జట్టులోంచి తీసేస్తానన్నాడు.

పిల్ల చెప్పింది ఎలా రాయాలో ట్రైనింగులో ఇచ్చిన కాగితం నా సొరుగులోనే ఉంది, గుండీల డబ్బా కింద. దాన్ని తీయలేదు. మీ పిల్ల పొరపాటు పడిందేమో, ఆయన కూతుళ్లలా చూసుకుంటాడు కదా అన్నాను. ఆమె నా మొహం చూస్తూ, "అక్కా, నా బిడ్డ అబద్ధం చెప్పదు" అంది.

పోలీసుల దగ్గరికి పోలేదు నేను. జట్టు కమిటీ పెద్దాయనకు, ఒక తల్లి ఏదో ఫిర్యాదు చేస్తోందని చెప్పాను. ఆయన మర్నాడే అందర్నీ పిలిచాడు, కోచ్ సారును కూడా. చేయకూడదని ఏది చెప్పారో సరిగ్గా అదే చేశాం. ఆ గదిలో పెద్దాయన, ఇంకో కమిటీ మనిషి, కోచ్ సారు కుర్చీల్లో కూర్చున్నారు. తల్లీ పిల్లా తలుపు దగ్గర నిలబడ్డారు. నేను మధ్యలో ఉన్నాను.

తల్లి చెప్పింది. నా దగ్గర చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది. పెద్దాయనకూ, ఆ రెండో కమిటీ మనిషికీ దోర్లీ రాదు. ఏమంటోందని పెద్దాయన నన్ను హిందీలో అడిగాడు. కోచ్ సారు నా వైపే చూస్తున్నాడు. ఆ చూపులో బెదిరింపేమీ లేదు, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు. నేను హిందీలో ఇలా అన్నాను: "చివర్లో దిగడానికి పిల్లకు భయంగా ఉందట. ముందు సీట్లో వద్దంటోంది."

కుర్చీల్లో ఉన్నవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఇంతేనా, రేపటి నుంచి ఆ పిల్లనే ముందు దింపుతాను అన్నాడు కోచ్ సారు. పెద్దాయన లేచి నిలబడ్డాడు. తల్లి నన్ను తన భాషలో మెల్లగా అడిగింది, అంతా చెప్పావా అని. చెప్పాను అన్నాను.

అప్పుడు పిల్ల తలెత్తి నన్ను చూసింది. ఒకటో తరగతి నుంచి హాస్టల్లో హిందీలో చదువుకున్న పిల్ల. నాకంటే ఆ పిల్లకే హిందీ బాగా వచ్చు. అది నాకు తెలియక కాదు. తెలుసు. అయినా పెద్దవాళ్ల ముందు నోరు తెరవదని నమ్మి, ఆ పిల్ల వింటుండగానే మాట మార్చాను.

ఒక నెల గడిచింది. నా మిషను నేను తొక్కుకుంటూ ఉన్నాను. గ్రౌండుకు పోతే కోచ్ సారు ఎప్పటిలాగే పలకరించేవాడు, నేనూ ఎప్పటిలాగే మాట్లాడేదాన్ని. ఒక పొద్దున పోలీసు జీపు వచ్చి గ్రౌండు దగ్గర ఆగింది. ఆ పిల్లే హాస్టల్ మేడం దగ్గరికి పోయి హిందీలో అంతా చెప్పిందట. ఆ మేడం ఎవర్నీ పిలిచి పంచాయితీ పెట్టలేదు, వెంటనే ఫోను చేసింది. తర్వాత ఇంకో ఇద్దరు పిల్లలు కూడా చెప్పారు. ఆ ఇద్దరిలో ఒకరికి జరిగింది మా మీటింగు తర్వాతే.

ఈ వాక్యం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఆయన్ని తీసుకుపోయారు. కేసు నడుస్తోంది. నన్ను కూడా స్టేషనుకు పిలిచారు. అక్కడి పోలీసామె, నీకు మొదట ఎప్పుడు తెలిసిందని అడిగింది. అబద్ధం చెప్పే వీలు అప్పటికీ ఉంది. సంత రోజునే తెలిసిందని చెప్పాను, గదిలో మాట మార్చింది కూడా చెప్పాను. ఆమె రాసుకుంటూ, తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమేనమ్మా అంది. ఆ కాగితాల్లో నా పేరూ ఉంది. ఏమవుతుందో ఇంకా తెలియదు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను.  ఆయన, "నా పాణం కాపాడిండని ఆ పిల్లలను ఇచ్చినవా ఏంది?" అన్నాడు. 

తల్లి దగ్గరికి పోయాను. ఆమె వాకిట్లో చేటతో వడ్లు చెరుగుతోంది. చేట ఆపలేదు. నేను చేసింది చెప్పి, తప్పయిందన్నాను. ఆమె, "మా మాట తెలిసిన మనిషివని నీ దగ్గరికి వచ్చాను" అంది.  పిల్ల సెలవుకు ఇంట్లోనే ఉంది, గుమ్మంలోకి వచ్చింది. ఎలా ఉన్నావని దోర్లీలో అడిగాను. అంతకుముందు అక్కా అని పిలిచే పిల్ల, "మేడం, నాతో హిందీలోనే మాట్లాడండి" అని లోపలికి పోయింది.

జట్టు ఆగిపోలేదు. ఇప్పుడు ఇద్దరు తల్లులు వంతులేసుకుని పిల్లలతో బండిలో పోతున్నారు. గోడ మీద నా పేరు తీసేశారు, బాధ్యత హాస్టల్ మేడంకు ఇచ్చారు. ఆ పిల్ల మళ్లీ ఆడుతోందని విన్నాను. చూడ్డానికి పోలేదు.

ఈ మధ్య ఆ ట్రైనింగు ఆమె మళ్లీ వచ్చింది. జరిగింది నువ్వే చెబుతావా అని నన్ను అడిగింది. ఒప్పుకున్నాను. పిల్లల వివరాలేవీ చెప్పకుండా, నేనేం చేశానో మాత్రం చెప్పాను. వింటున్నవాళ్లలో ఒక ముసలమ్మ, అప్పుడు నీకేం భయమేసింది తల్లీ, ఆయన కొడతాడనా అని అడిగింది.

"భయం కాదమ్మా, మొహమాటం" అన్నాను.