మోడల్లో ఉన్న పిల్లరు

2023 వేసవిలో పంజాగుట్టలోని మా స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసులో బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ ప్రవేశపెట్టే బాధ్యత నా మీద పడింది. భవనాన్ని కాగితం మీద గీతలుగా కాక, ఒక్కో పిల్లరు, ఒక్కో బీము కొలతలతో సహా కంప్యూటర్లో కట్టి చూసే పద్ధతి అది. ఎవరికి శిక్షణ ఇవ్వాలో, ఏ పని ముందు మారాలో ప్రణాళిక రాశాను. పైలట్ ప్రాజెక్టుకి, అంటే తొలి ప్రయోగానికి, పన్నెండేళ్ల కిందట నేనే డిజైన్ చేసిన అమీర్‌పేట భవనాన్ని ఎంచుకున్నాను. డ్రాయింగులన్నీ మా బీరువాలోనే ఉన్నాయి. వాటిలో తప్పు లేదని నా నమ్మకం.

నమ్మకం అన్న మాట నేను తేలిగ్గా వాడను. వాస్తు కోసం మెట్లు జరపమన్న యజమానులను రుజువు చూపమని నిలదీసి పంపినవాణ్ణి.

మోడల్ కట్టింది రూత్. మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ నేర్చుకుని మా దగ్గర చేరిన ఇంజనీరు. ఆమెకిచ్చిన ఫైలు మీద నంబరే తప్ప చిరునామా లేదు. సమీక్ష రోజున మోడల్‌ను గోడ మీద వేసి, గేటు నుంచి లోపలికి నడుస్తున్నట్టు చూపించింది. మొదటి అంతస్తుకు రాగానే ఆగిపోయింది.

"సార్, ఇది మా హాస్టలు! గీ మెట్లే రోజెక్కుత."

"కిరాయి తగ్గించమను, డిజైనర్ ఈడనే ఉన్నడు" అన్నాడొకడు. అందరూ నవ్వారు. రూత్ నవ్వలేదు. మోడల్లో ఒక గది మధ్యలో ఉన్న పిల్లరును చూపించింది.

"గా పిల్లరు ఆడ లేదు సార్."

"డ్రాయింగులో ఉంది కదమ్మా."

"ఆడ నా మంచముంది."

"సంతకమైన డ్రాయింగు అది. ఉండి తీరాలి."

"రెండేండ్ల సంది ఆడనే పండుకుంటున్న సార్. నాకెర్క లేదా?"

అప్పుడు వినిపించింది నా మాట నాకే. రాసి ఉంది కాబట్టి ఉండాలి! ఈ వాదన చేసినవాళ్లను ఎన్ని హేతువాద సభల్లో దుయ్యబట్టాను!

వెంటనే ఆమెతో కలిసి హాస్టలుకు వెళ్లాను. పిల్లరు లేదు. కింది అంతస్తులో ఉంది, పై మూడంతస్తుల్లోనూ ఉంది, ఈ గదిలోనే లేదు. మూడంతస్తుల బరువూ ఆమె మంచానికి పైనున్న బీము నడిమధ్యన దిగుతోంది. ఇలా కింద ఆధారం లేని పిల్లరును ఫ్లోటింగ్ కాలమ్ అంటాం. దాన్ని మోసేలా బీమును ముందే లెక్కగట్టాలి. ఈ బీముకు ఆ లెక్క లేదు. దాని అడుగున లప్పం పూసి రంగేసిన పగులు కనిపించింది.

"పోయినేడు సుత పూసిండ్రు సార్. మళ్లొచ్చింది" అంది రూత్.

యజమాని యాదగిరిని పిలిపించాను. ఆయన ఏమాత్రం తడబడలేదు.

"మంచాలు పట్టవని కట్టేటప్పుడే నేను మేస్త్రీకి చెప్పి ఆ పిల్లరు ఎత్తేపిచ్చిన. పన్నెండేండ్లాయె, ఏమన్నయిందా? జర ఫికర్ చెయ్యకుర్రి."

"అప్పుడు ఎవరూ చూడలేదా?"

"మీరే సంతకం పెట్టిండ్రు గదా సార్!"

ఆయన తెచ్చిన ఫైల్లో ఆ కాగితం ఉంది. స్లాబు వేసే ముందు ఇంజనీరు సైటుకు వెళ్లి, కళ్లారా చూసి సంతకం చేయాల్సిన తనిఖీ పత్రం. సంతకం నాదే. ఆ వారం నేను సైటుకే పోలేదు. అంతా డ్రాయింగు ప్రకారమే ఉందని మేస్త్రీ ఫోనులో చెబితే ఆఫీసులో కూర్చుని పెట్టాను. పన్నెండేళ్లుగా ఎందరు ఆడపిల్లలు ఆ బీము కింద నిద్రపోయారు!

"అందరినీ ఇవాళే ఖాళీ చేయించండి. లేదంటే ఈ కాగితం నేనే మున్సిపల్ ఆఫీసులో ఇస్తాను" అన్నాను.

"మీ పేరు సుత ఉన్నది దానిమీద."

"ఉంది. అందుకే ఇస్తాను."

సాయంత్రానికి అమ్మాయిలు శ్రీనగర్ కాలనీలోని మరో హాస్టలుకు మారారు. బీము కింద తాత్కాలిక ఆధారంగా ఇనుప ప్రాప్స్ నిలబెట్టాం. మా ప్రణాళికలో మొదటి వాక్యం మార్చి రాశాను: కట్టిన భవనాన్ని మోడల్ చేసే ముందు వెళ్లి కొలవాలి. సాఫ్ట్‌వేర్ కూడా మనం చెప్పిందే నమ్ముతుంది. లేని పిల్లరును ఉన్నదానికంటే అందంగా చూపిస్తుంది.

కొత్త పిల్లరుకు ఇనుము కట్టిన రోజు తనిఖీకి వెళ్లాను. నాకంటే ముందే వచ్చిన రూత్ పత్రం చేతికిచ్చింది. పెన్ను తీశాను.

"రాడ్లు, రింగులు నేను లెక్కవెట్టిన సార్, అన్నీ సరిగ్గనే ఉన్నయి" అని, పత్రం వదలకుండానే అంది: "అయినా మీరు సుత లెక్కవెట్టుర్రి."

పెన్ను జేబులో పెట్టి, అట్టడుగు రింగు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు...