ముడి వెయ్యని స్వెట్టరు

మొన్నామధ్య మా టెక్కలి ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. ఈ రోజుల్లో పార్సిల్ రావడం ఏమంత వింత కాదు, పాలవాడికన్నా పార్సిలు కుర్రాడే మా గేటు ఎక్కువసార్లు కొడతాడు. కానీ దీంట్లోంచి ఊలుండలూ, రెండు లావుపాటి అల్లిక సూదులూ బయటపడ్డాయి. మా కోడలికి ఏడో నెల. రెండు పూటల్లో పాపాయి స్వెట్టరు అల్లేయడం ఎలాగో ఫోన్లో ఎవరో ఒకావిడ చూపిస్తోందట. ఫోను దిండుకి ఆనించి, కాళ్ళు చాపుకుని, నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని మా కోడలు అల్లుతోంది. నేను వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చాను. చూసీ చూడగానే నా నోట్లోంచి ఒక మాట ఊడిపడింది. "పుట్టకముందే బట్టలేటే!"

ముప్పయ్యేళ్ళపాటు పిల్లలకి సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. గ్రహణం రోజున బడికి ఫలహారం పట్టుకెళ్ళి, అందరి ముందూ తిన్నదాన్ని. ఆ మాట నా లోపల ఎక్కడ నక్కి కూర్చుందో, ఎలా బయటికొచ్చిందో నాకే అర్థం కాలేదు. కోడలు తలెత్తి, "ఏమవుద్ది అత్తయ్యా?" అంది. వెటకారం కాదు, దెబ్బలాటా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను "పప్పు మాడుతోంది" అని వెనక్కి తిరిగాను. ఎందుకంటే సరిగ్గా ఇదే ప్రశ్న నేను పెళ్ళికాని రోజుల్లో పలాసంతా తిరిగి అడిగాను. జవాబు దొరికింది కూడా. కానీ ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లకి చెప్పే జవాబు కాదది.

అప్పుడు నేను డిగ్రీ అయిపోయి, బీఈడీ సీటు కోసం ఎదురుచూస్తూ, పలాసలో మా దొడ్డమ్మ ఇంట్లో ఉండేదాన్ని. పెదనాన్న రైల్వేలో గుమాస్తా. ఖరగ్‌పూర్ నుంచి బదిలీ అయి వచ్చారు. అక్కడి క్వార్టర్స్‌లో పక్కింటి బెంగాలీ ఆవిడ దగ్గర దొడ్డమ్మ ఊలు అల్లడం నేర్చుకుంది. పలాస వచ్చాక ఆవిడకి ఉద్దానంలో, సముద్రం ఒడ్డు ఊరి బడిలో టీచరుద్యోగం వచ్చింది. పొద్దున్నే కాశీబుగ్గలో బస్సెక్కి వెళ్ళడం, సాయంత్రం అదే బస్సులో ఖాళీ చేపల గంపల మధ్య కూర్చుని రావడం. ఆ రెండు ప్రయాణాల్లోనూ ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. పలాసలో స్వెట్టర్లేమిటని నవ్వినవాళ్ళకి లోటు లేదు. "ఈ ఉక్కలో స్వెట్టరేటి పంతులమ్మగోరూ?" అని కండక్టరు రోజూ అనేవాడు. "నీకు ఉక్కే! దుక్కలా ఉన్నావు. అరచెయ్యంత పిల్లని ధనుర్మాసంలో సముద్రం గాలికి పెట్టి చూడు" అనేది దొడ్డమ్మ, సూదుల మీంచి చూపు తిప్పకుండా.

ఆవిడ అల్లిక పద్ధతి వేరు. సన్న సూదులతో పువ్వులూ నెమళ్ళూ వేసే ఓపిక ఆవిడకి లేదు. లావు సూదులు, రెండు పోగులు కలిపి ఒకేసారి. వీపు అంచు దగ్గర మొదలుపెట్టి, భుజాల మీదుగా దిగి, ముందు వైపు అంచుతో ముగించేది. అంతా ఒకే ముక్క. సూదీ దారం పెట్టి కుట్టే పని ఎక్కడా లేదు, పక్కలకి జడలాగా అల్లిన తాళ్ళు కడితే సరి. దాన్ని స్వెట్టరనడం కూడా మర్యాదకే, చేతులుండవు. "చేతులు పెడితే రెండు రోజులు దండగ. చంటిదానికి గుండె వెచ్చగా ఉండాలి గానీ మోచేతులెందుకే?" అనేది. వీధిలో జీడిపిక్కలు కాల్చే పొగ ఇంట్లోకి కమ్ముకొచ్చేది. ఆవిడ అల్లినవన్నీ ఆ వాసనే వేసేవి.

ఊళ్ళో వాళ్ళకి ఆశ్చర్యం ఏమిటంటే, బిడ్డ పుట్టిన కబురు తెలిసిన మర్నాటికే దొడ్డమ్మ స్వెట్టరు సిద్ధం. పురుడు వెళ్ళేదాకా ఎలాగూ పాత చీరముక్కలే చుడతారు కాబట్టి తొందరేమీ లేదు. అయినా మర్నాటికి ఎలా అవుతుంది? "ఆవిడకేదో మంత్రం వచ్చు" అనేది గార్డుగారి భార్య. ఆ మంత్రం నేను గది తలుపు వెనక చూశాను. మేకులకి వరసగా గుడ్డసంచులు. ఒక్కో సంచిలో ఒక్కో స్వెట్టరు, అంతా అయిపోయి, ఆఖరి వరస ఇంకా సూదికే ఉంది. "మరి ముడి వేసెయ్యలేదేం?" అన్నాను. దొడ్డమ్మ లెంపలేసుకుంది. "అమ్మో! ఇంకా పుట్టలేదు కదే!"

ఇది ఆవిడ సొంత తెలివి కాదు, దానికి శాస్త్రసమ్మతి కూడా ఉంది. నందిగాంలో పౌరోహిత్యం చేసే మా తాతయ్య, అంటే ఆవిడ తండ్రి, ఇచ్చిన తీర్పు. పుట్టకముందు బట్టలు కూడదంటున్నారు, పుట్టాక అల్లితే అందదు, ఏం చెయ్యమంటావు నాన్నా అని అడిగిందట. తాతయ్య కాసేపు పొడుం పీల్చి, "ప్రతిష్ఠ కానంతవరకూ విగ్రహం రాయే కదటే? ముడి పడనంతవరకూ నీ స్వెట్టరు ఊలే. అల్లుకో" అన్నాడట. అసలు కూడదని ఏ గ్రంథంలో ఉందని నేను ఆయన్ని నిలదీశాను. "నేను చదివినవాటిలో లేదే అమ్మడూ. మీ అమ్మమ్మ చెప్పినవాటిలో ఉంది. రెండోది దాటితే నాకు అన్నం పుట్టదు" అన్నాడు.

నాకేమో ఏదైనా అనుమానం పడితే నిద్రపట్టదు. ఎందుకు కూడదు? జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళనడిగితే దిష్టి అన్నారు. గార్డుగారి భార్య, దేవుడు ముందే వినేస్తాడంది. విని ఏం చేస్తాడంటే, తప్పు తప్పు అని చెంపలు వాయించుకుంది. బస్సులో ఒక ముసలమ్మ, "అడక్కూడదమ్మా, అడిగినోలికి కవలలు పుడతారు" అని నన్ను బెదిరించింది. ఎవరి జవాబు వాళ్ళది. ఒక్కటీ మరోదానితో కలవదు.

అలాంటి రోజుల్లో ఒకామె మా ఇంటికొచ్చింది. దొడ్డమ్మ బడిలో మొదటి జట్టులో చదువుకున్న పిల్ల. అదే ఊళ్ళో వేటకెళ్ళే కుర్రాణ్ణి చేసుకుంది. రెండుసార్లు కాన్పయింది, రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. మళ్ళీ ఆరో నెల. పలాస ఆసుపత్రిలో చూపించుకుని, తిరిగి బస్సెక్కేముందు వచ్చి వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. దొడ్డమ్మ ఈ బిడ్డ కోసం అప్పటికే కనకాంబరం రంగు ఊలు తెచ్చి దాచింది. ఆ సంగతి ఎలా తెలిసిందో, ఆమె వచ్చిందే దానికోసం.

"టీచరమ్మా, మీకు దణ్ణం పెడతాను. నాకేటీ అల్లకండి" అంది.

నేనుండబట్టలేక, "అల్లితే ఏమవుతుందని భయం?" అని అడిగాను. ఆమె నన్ను చూసి కొంచెం నవ్వింది.

"ఏటీ అవదమ్మా. అల్లితే సావరు, అల్లకపోతే బతకరు. నాకు తెల్దేటి? మొదటి కాన్పు గుంటకి మా యమ్మ ముందే జుబ్బాలు కుట్టించీసినాది. గుంట ఎల్లిపోనాది, జుబ్బాలుండిపోనాయి. ఎవులికిత్తాను? ఎవులు తీసుకుంతారు? పారీడానికి సెయ్యి రాదు. ట్రంకుపెట్టి తీసినపుడల్లా అవే ముందల అగుపడతాయి. అందుకు ఒద్దంటన్నాను."

పలాసంతా తిరిగి నేను పోగేసిన జవాబులన్నీ ఆ ఒక్క మాటతో చప్పబడిపోయాయి. దిష్టీ లేదు, దేవుడూ లేడు. ఏ కాలంలోనో ఎవరో ఒక తల్లి పెట్టె తీసి చూసుకుని, తన కూతురికి "ముందుగా ఏమీ కుట్టకే" అని చెప్పి ఉంటుంది. కారణం చెప్పడానికి నోరు రాక దిష్టి అని ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవకూడదని లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చాను.

నేనొచ్చేసరికి దొడ్డమ్మ తలుపు వెనక నుంచి ఒక సంచి తీసుకొచ్చింది. నిండుగా అల్లిన స్వెట్టరు. ఆమె కళ్ళ ముందే సూది బయటికి లాగేసి, ఊలు కొస పట్టుకుని గుంజింది. ముందు వైపు పోయింది, భుజాలు పోయాయి, వీపు పోయింది. ఒళ్ళో వంకీల ఊలు కుప్ప మిగిలింది. "జుబ్బాకైతే గుడ్డ కత్తిరిస్తాం, అది మళ్ళీ అతకదు. దీంట్లో కత్తెరకి పని లేదు. ముడి వెయ్యనంతవరకూ ఇది నీకోసం అల్లిందీ కాదు, ఇంకెవరికోసమూ కాదు. ఉత్త ఊలు" అంది.

ఆమె ఆ కుప్పని వేళ్ళతో కెలికింది. "ఏటీ మిగల్దా?"

"ఏమీ మిగలదు."

"అయితే అల్లండి" అని లేచి బస్సుకి వెళ్ళిపోయింది. దొడ్డమ్మ విప్పేసింది గార్డుగారి భార్య కోసం అల్లినది. ఆవిడకి నెలలు నిండాయి. దొడ్డమ్మ మళ్ళీ మొదటి నుంచీ అల్లుతుంటే, ఆ వారమంతా మా ఇంట్లో వంట నేను చేశాను.

ధనుర్మాసంలోనే కబురొచ్చింది. బస్సు కండక్టరు దిగి మా గుమ్మం దాకా వచ్చి, "ఆడగుంట పంతులమ్మగోరూ! సిన్నదే గానీ, ఏడుపు మాత్రం సముద్రం అవతలికి ఇనపడతంది" అన్నాడు. దొడ్డమ్మ అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయింది. పురుడు రోజున నేనూ వెంట వెళ్ళాను. ఆమె కళ్ళ ముందే ముడి వేసి తొడగాలని సూదితో సహా పట్టుకెళ్ళింది దొడ్డమ్మ. తీరా ఆఖరి వరస ముగించి ముడి వెయ్యబోతుంటే, ఆమె దొడ్డమ్మ చెయ్యి పట్టుకుంది. "ముడెయ్యకండి టీచరమ్మా. అలగే ఒగ్గీండి." బిడ్డ పుట్టి పక్కలో ఉంది, ఇంకా భయం పోలేదు. దొడ్డమ్మ తన మంగళసూత్రానికున్న పిన్నీసు తీసి, ఆఖరి పోగుని దాంతో పట్టి, ముందు అంచుకి పైవైపున గుచ్చింది. ఆ పిల్ల ఆ చలికాలమంతా తోకా పిన్నీసూ ఉన్న స్వెట్టరే తొడుక్కుంది.

దొడ్డమ్మకి మాత్రం ప్రాణం ఒప్పలేదు. చేతిలో పని అలా కొస వేలాడుతూ ఉంటే ఆవిడకి అన్నం సయించదు. కనపడినప్పుడల్లా, "ఇప్పుడు వెయ్యనా ముడి?" అని అడిగేది. "నడక రానీండి" అనేది తల్లి. నడక వచ్చింది. "మాటలు రానీండి." మాటలు వచ్చాయి, అవి ఆపడం ఎవరి తరమూ కాలేదు. "ఒంటిమీద ఈ తట్టు తగ్గనీండి." ఈలోగా స్వెట్టరు పిల్ల మెడకి కూడా పట్టకుండా పోయింది. దానికి ముడెందుకో, వెయ్యకపోవడమెందుకో, ఇద్దరికిద్దరూ పట్టు విడవలేదు.

ఈలోగా నా చదువైంది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. మా అబ్బాయి కడుపులో ఉండగా పలాస వెళ్ళాను. అప్పుడు వచ్చింది ఆమె, కూతురి చెయ్యి పట్టుకుని. పిల్ల దొడ్డమ్మ బడిలోనే చదువుతోంది, ముందు పళ్ళు ఊడాయి. ఆమె సంచిలోంచి ఆ కనకాంబరం స్వెట్టరు తీసి దొడ్డమ్మ ఒళ్ళో పెట్టింది. దొడ్డమ్మ ముఖం వెలిగిపోయింది. "ముడి వేసెయ్యనా?"

"ఒద్దు, సూడండి" అని ఆమె పిన్నీసు ఊడదీసింది. ఊలు కొస కూతురి చేతిలో పెట్టి, "పరిగెట్టవే గుంటా!" అంది.

పిల్ల పరిగెత్తింది. మెట్లు దిగి, క్వార్టర్స్ వీధిలో కుళాయి దాకా, అక్కడ బిందెల చుట్టూ తిరిగి, మళ్ళీ మా దాకా, మళ్ళీ కుళాయి దాకా. వెనకాల దొడ్డమ్మ ఒళ్ళో స్వెట్టరు వరస వరసే కరిగిపోయింది. అక్కడక్కడా పట్టేస్తే ఆమె వేలితో వదులు చేసింది. నీళ్ళు పట్టుకునేవాళ్ళు "ఓలమ్మో, ఏటిది!" అని నవ్వారు. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఊలంతా ఉండ చుట్టి నా చేతికిచ్చి, "ఇది మంచి ఊలు సిన్నమ్మా. గుంటని నిలబెట్టినాది. మీ బిడ్డకి దీంతోనే అల్లించండి" అంది.

దొడ్డమ్మ దాంతోనే అల్లింది. ఒకసారి అల్లి విప్పిన ఊలుకి వంకీలు పోవు, అందుకని కొత్త స్వెట్టరు కాస్త గుబురుగా వచ్చింది. మా అబ్బాయి పుట్టాక ముడి వెయ్యబోతుంటే, నేను, సైన్సు టీచర్ని, దొడ్డమ్మ చెయ్యి పట్టుకుని "అలాగే వదిలెయ్యి" అన్నాను. ఆవిడ పిన్నీసు కోసం మెడ తడుముకుంది.

దొడ్డమ్మ ఇప్పుడు లేదు. పరిగెత్తిన పిల్ల కాశీబుగ్గలో టైలరింగు షాపు నడుపుతోంది. నా జాకెట్లన్నీ అక్కడే, చెప్పిన రోజుకి ఒక్కటీ ఇవ్వదు. కోడలు అడిగిన రోజు సాయంత్రం పెట్టె అడుగు నుంచి మా అబ్బాయి తొడుక్కున్న ఆ స్వెట్టరు తీశాను. పిన్నీసు తుప్పు పట్టి, గట్టిగా నొక్కితే గానీ రాలేదు. "ఇదిగో, దీని ఊలుతోనే అల్లుకో. ఆఖరి వరస మాత్రం సూదికే ఉంచు" అన్నాను. "ఎందుకు?" అంది మళ్ళీ. ఈ పిల్లకి నా పోలికలు ఎలా వచ్చాయో!

అప్పుడే మా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చాడు. పొట్టా బట్టతలా రెండూ వచ్చేసిన మనిషి. చెప్పులు విప్పకముందే ఊలు కొస వాడి చేతిలో పెట్టి, "పరిగెట్టరా" అన్నాను. "ఎక్కడికే అమ్మా?" అన్నాడు. "వీధి చివరిదాకా. వెనక్కి తిరిగి చూడకు." వాడు నవ్వి, పరిగెత్తే ఓపిక లేక, గేటు తీసుకుని మామూలుగా నడిచాడు. నేనూ కోడలూ గుమ్మంలో కూర్చుని, నా ఒళ్ళో భుజాలూ వీపూ వరస వరసే పోవడం చూశాం. వాడు పుట్టిన దగ్గర్నుంచీ నేను భయంభయంగా దాచుకున్న ఇన్నేళ్ళ కాలం, వాడు వీధి చివరి కిరాణా కొట్టు దాకా నడిచినంత సేపట్లో అయిపోయింది.