తెల్ల పంచె మీద పొగ పరీక్ష

డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం లారీల పొగ కొలవడం. గుడివాడలో ఒక పెట్రోలు బంకు మూల ఆగి ఉండే పాత వ్యానే మా ఆఫీసు. అందులో ఒక కంప్యూటరు, ఒక మీటరు, నేను. లారీ సైలెన్సర్‌లో మీటరు గొట్టం దూర్చి, డ్రైవరు చేత యాక్సిలరేటరు పూర్తిగా నొక్కించాలి. అంకె హద్దులోపల ఉంటే పొల్యూషన్ సర్టిఫికెట్టు ఇవ్వాలి. అది లేకపోతే లారీని రోడ్డు మీద ఆపేస్తారు.

ఆడపిల్ల కొలిచిన పొగని ఏ లారీ ఓనరూ ఒప్పుకునేవాడు కాదు.

ఒకరోజు పొద్దున్నే పామిడిముక్కల నుంచి ధాన్యం లారీ వచ్చింది. ఓనరు కూడా దిగాడు. యాభై దాటిన రైతు. ఇస్త్రీ మడత నలగని తెల్ల పంచె, తెల్ల లాల్చీ. మీటరు అంకె హద్దు దాటి ఎక్కడికో పోయింది.

"ఫెయిలండీ బాబాయిగారూ."

"మిషను చెప్పిందల్లా నమ్ముతావేంటమ్మా? నా బండిది సాంబ్రాణి పొగ. కాగితం కొట్టు."

"గవర్నమెంటు రూలండీ."

"ఆ రూలు రాసినాయన ఢిల్లీలో ఫ్యాను కింద కూర్చుని రాశాడు. మన బండి సంగతి ఆయనకేం తెలుసు?"

అరగంట వాదించాడు. వెనక రెండు లారీలు హారన్లు కొడుతున్నాయి. నాకు ఇరవై రెండేళ్లు, ఒళ్లంతా కోతి బుద్ధి.

"సరేనండీ, మిషను వద్దు. మీరే సైలెన్సర్ ఎదురుగా నిలబడండి. ఐదుసార్లు నొక్కిస్తాను. సాంబ్రాణే అయితే కాగితం ఇచ్చేస్తాను" అన్నాను. అలా ఇచ్చే అధికారం నాకు లేనే లేదు.

ఆయన మీసం దువ్వుకుని వెళ్లి నిలబడ్డాడు. ఐదన్నానా, డ్రైవరు ఏడుసార్లు నొక్కాడు, అదీ మహా ఇష్టంగా. పొగ తేలిపోయేసరికి ఆ మనిషిలో తెలుపన్నది కళ్లల్లోనే మిగిలింది. బంకులో అందరూ అటు తిరిగి నవ్వుకున్నారు. ఆయన కాసేపు దగ్గి, "మెకానిక్ షెడ్డుకి పోనియ్" అని డ్రైవరుతో అని లారీ ఎక్కేశాడు.

అప్పుడు పట్టుకుంది నాకు భయం. ఈ సంగతి మా యజమాని చెవిన పడితే ఉద్యోగం ఊడినట్టే.

నాలుగో రోజు అదే లారీ వచ్చింది. ఈసారి ఆయన భార్య కూడా దిగి, తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"మా ఆయన్ని పొగలో నిలబెట్టింది నువ్వేనా?"

"తప్పయిపోయిందండీ పిన్నిగారూ."

"తప్పేంటమ్మా? ఊక పొయ్యి ముందు పాతికేళ్లుగా దగ్గుతున్నాను. ఏనాడన్నా ఈయన అటు తొంగి చూశారా? మొన్న ఇంటికొచ్చి స్నానం చేసి, వంటింట్లోకొచ్చి నిలబడ్డారు. మర్నాడే గ్యాసుకి రాయించారు."

ఆయన లారీ పక్కన నిలబడి చెప్పుల వంక చూసుకుంటున్నాడు. డీజిలు పంపు బాగుచేయించాడట, అంకె హద్దులోపలే వచ్చింది. కాగితం ప్రింటు తీసి ఇస్తే ఆవిడే అందుకుంది.

"ఇందులో ఏం రాశారమ్మా?"

"బండి పొగ పరవాలేదని ఉందండీ."

"ఆయన చుట్టల గురించేమన్నా ఉందా?"

ఆవిడ చేతిలోని కాగితంలోకి తొంగి చూశాను. "ఉందండీ. కింద చిన్నక్షరాల్లో. మానెయ్యమని."

ఆవిడ చెయ్యి చాపింది. ఆయన నా వంక కొరకొరా చూసి, లాల్చీ జేబులోంచి చుట్టల కట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.