కాన్పు ఊరు, సొంతూరు

ఆత్మకూరు శాఖా గ్రంథాలయంలో నేను చదవనిది ఒక్కటే ఉండేది, హాజరు పట్టీ. అది గ్రంథపాలకుడి సొంతం. అందులో చదవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదని అందరికీ తెలుసు. మిగతా బీరువాలన్నీ నేను ఖాళీ చేసి నింపినవే. బడి ఐదో తరగతితో సరి. ఉదయగిరిలో కుట్టుమిషను తొక్కుకుంటూ, వారానికోసారి అంగడి మూసి బస్సెక్కి పోయి, నాలుగు పుస్తకాలు తెచ్చుకునేవాణ్ణి. బొత్తాలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకు అగ్నిపర్వతాల గురించి చెప్పేవాణ్ణి. అందుకే నా దగ్గరికి బొత్తాలకు రావడం చాలామంది మానేశారు.

డెబ్బైల చివర్లో, ఉదయగిరిలోనూ ఒక పుస్తక కేంద్రం తెరుస్తారని తెలిసింది. ఒక గది, రెండు బీరువాలు, వాటి తాళాలు పెట్టుకోవడానికి ఒక మనిషి. ఆ మనిషి నేనే కావాలి. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ దేనికోసమూ నేను అంతగా ఆశపడలేదు.

సరిగ్గా అప్పుడే నెల్లూరు పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. జీవిత చరిత్రలన్నిటినీ జాతీయత వారీగా విడదీసి, భారతీయులను కుడి బీరువాలో, విదేశీయులను ఎడమ బీరువాలో సర్దాలట. గ్రంథపాలకుడు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి నా ముందుకు తోశాడు.

"ఇది నువ్వు చేసిపెట్టబ్బా. బాగా చేస్తివంటే ఉదయగిరి సెంటరుకు నీ పేరే రాస్తాను."

నేను పెద్ద పండితుడిలాగా సూత్రం ఒకటి కట్టాను. గ్రంథాలయంలో పాత అట్లాసులు రెండు ఉండేవి. మనిషి ఏ ఊళ్లో పుట్టాడో చూడాలి. ఆ కాలపు అట్లాసులో ఆ ఊరు ఏ దేశం కింద ఉందో చూడాలి. అదే అతని జాతీయత. ఇక వాదం లేదు.

వాదం రానే వచ్చింది. పొద్దున్నే వచ్చి పేపరు మొత్తం తనకే కావాలనే రిటైర్డు గుమాస్తా ఒకాయన ఉండేవాడు. కుడి బీరువాలో కోటూ టోపీ వేసుకున్న తెల్లడాక్టరు అట్టబొమ్మ చూసి అదిరిపడ్డాడు.

"ఏందయ్యా ఇది? దొర ఇండియావోడా?"

"ఊటీలో పుట్టినాడండీ. అట్లాసులో ఊటీ ఇండియాలో ఉండాది."

"మరి ఈయన? యానాం పండితుడు? భారతం మీద యాఖ్యానం రాసినాడు గదా, ఎడం పక్క తోసినావే?"

"యానాం పక్కన ఫ్రెంచి అని రాసుండాదండీ. కాబట్టి ఫ్రెంచివాడు."

"ఆయనకు ఫ్రెంచి ముక్క వచ్చునా?"

"జాతీయతకు భాషతో పని లేదండీ," అన్నాను, ఎక్కడో చదివిన వాక్యాన్ని నాదే అన్నట్టు. గుమాస్తా పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పుస్తకాలు చదవని గ్రంథపాలకుడికి మాత్రం పుస్తకాల మీద నేనంటించిన చీటీలు వరసగా కనిపించడంతో మహా తృప్తి కలిగింది. అక్కడికక్కడే సెంటరుకు దరఖాస్తు ఫారం ఇచ్చి నింపమన్నాడు.

జన్మస్థలం అన్న గడిలో నేను రంగూన్ అని రాశాను. అబద్ధం రాసే అలవాటు లేదు. పైగా ఆ మాట రాస్తుంటే కొంత గొప్పగా కూడా అనిపించింది.

"రంగూన్ ఏందబ్బా?" అన్నాడు గ్రంథపాలకుడు.

"బర్మా సార్."

గుమాస్తా పేపరు దించాడు. "అట్లాసు తియ్యి."

"అప్పుడు బర్మా కూడా ఆ తెల్లవాళ్ల కిందే ఉండిందండీ," అన్నాను.

"ఊటీ ఎవరి కింద ఉండింది, మీ తాత కిందనా? అట్లాసు తియ్యవయ్యా."

తీశాను. నేను పుట్టేసరికి బర్మాను ఇండియా నుంచి విడదీశారు. ఆ తర్వాత అచ్చయిన రెండో అట్లాసులో రంగు కూడా వేరే.

"అయితే నువ్వు ఎడం బీరువా," అన్నాడు గుమాస్తా, ఎంతో శ్రద్ధగా. "ఆ ఫ్రెంచాయన పక్కన చోటుండాది."

గ్రంథపాలకుడు నవ్వలేదు. అదే నన్ను భయపెట్టింది. "పైవాళ్లు అడిగితే నేనేం చెప్పాలబ్బా? విదేశీయుడికి తాళాలిచ్చినానని చెప్పాల్నా? వచ్చే వారం వరకూ ఫారం నా దగ్గరే ఉంటుంది," అన్నాడు.

ఇంటికి పోయి చెబితే మా అన్న అన్నం ముందు కూర్చుని పొలమారేదాకా నవ్వాడు. అన్న కూడా రంగూన్‌లోనే పుట్టాడు. అదే ఇల్లు, అదే మంత్రసాని. కాకపోతే బర్మాను విడదీయకముందు పుట్టాడు. కాబట్టి నా సూత్రం ప్రకారం, సంతకం పెట్టడం రాని మా అన్న నిఖార్సయిన భారతీయుడు. మూడు బీరువాలు చదివిన నేను బర్మావాణ్ణి.

"రేయ్ బర్మావోడా, పులుసు ఇట్టా జరుపు. మా దేశంలో పెద్దోళ్లు ముందు తింటారు."

అమ్మకు విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"కాన్పుకు పోయిన ఊరు సొంతూరు అవుద్దంట్రా యాడన్నా? మా నాయన ఆడ బియ్యం మిల్లులో ఉన్నాడు. పుట్టిల్లు యాడుంటే ఆడికే గదా పోవాల. మద్రాసులో ఓడెక్కి పోయినాను, నిన్ను కన్నాను, మూడో నెలలో సంకనేసుకోని వచ్చినాను. బిడ్డది తండ్రి ఊరా, మంత్రసాని ఊరా?"

నేను చదివిన ఏ విజ్ఞాన సర్వస్వంలోనూ ఈ ముక్క లేదు. వాటిని రాసినవాళ్ల తల్లులు కాన్పుకు పుట్టింటికి పోయి ఉండరు.

తర్వాతి వారం ఆత్మకూరు పోయి, కూర్చోకముందే అడిగాను. "మీరెక్కడ పుట్టినారు సార్?"

గ్రంథపాలకుడు మాటకు ముందు ఒకసారి, వెనక ఒకసారి "మాది నెల్లూరు టౌను" అనే మనిషి. మమ్మల్ని నీళ్లెరగని మెట్ట మనుషులని దయగా చూసేవాడు. కళ్లజోడు తీసి తుడిచాడు.

"సీతారామపురం."

మా ఉదయగిరికి కూడా అవతల, మెట్టలోకెల్లా మెట్ట. గుమాస్తా కుర్చీ చప్పుడైంది.

"అది... మా అవ్వ వాళ్ల ఊరు. కాన్పుకు పోయింది మా అమ్మ."

"మా అమ్మా అంతే సార్. కాకపోతే బస్సులో పోలేదు, ఓడలో పోయింది."

ఆ పూటే సూత్రం మారింది. పుట్టిన ఊరు కాదు, సొంతూరు. చీటీలన్నీ చించి మళ్లీ రాశాను. యానాం పండితుడు కుడి బీరువాకు, సొంతింటికి వచ్చాడు. ఊటీ డాక్టరు ఎడమ బీరువాకు పోయాడు. ఆయన ఇంగ్లండు చూసింది చదువుకోసం ఒక్కసారి, ఆ చలికి తట్టుకోలేకపోయానని పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. అయినా పంపించాను. నా తాళాలు నాకు ముఖ్యం. లాహోరులో ఏడు తరాలుగా ఉండి, పాకిస్తాన్ అనే మాట వినకుండానే పోయిన సంస్కర్త ఒకాయన మిగిలాడు. ఆయన్ని ఎటు పెట్టాలని అడిగితే గ్రంథపాలకుడు విసుక్కున్నాడు.

"బీరువా మీద పెట్టబ్బా."

పెట్టాను. ఆయన అక్కడే ఉండిపోయాడు.

ఫారంలో రంగూన్ పక్కన గ్రంథపాలకుడే తన చేత్తో 'కాన్పు నిమిత్తం' అని రాసి నెల్లూరు పంపించాడు. నెల తిరిగేసరికి ఫారం వెనక్కి వచ్చింది. దాని మీద ఎర్రసిరాతో ఒకే ప్రశ్న ఉంది. రంగూన్ ఏ తాలూకాలో ఉన్నదో తెలుపవలసినది.

రంగూన్ ఏ నది ఒడ్డున ఉందో నాకు తెలుసు. మద్రాసు నుంచి ఓడ ఏ దారిన పోతుందో తెలుసు. అట్లాసులో వేలు పెట్టి చూపించగలను.

"రాయి, నీకు తెలుసు గదా," అన్నాడు గ్రంథపాలకుడు, కిటికీ వైపు చూస్తూ.

ఉదయగిరి తాలూకా అని రాశాను.

పది రోజుల్లో ఆర్డరు వచ్చింది, తాళాలు వచ్చాయి. ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఆ ఊరిని ఇండియాలో కలపడానికి ఇంగ్లీషువాళ్లు యుద్ధాలు చేయవలసి వచ్చింది. మా తాలూకాలో కలపడానికి నాకు ఒక్క చుక్క సిరా సరిపోయింది.