తల దించనిస్తే దాటింది

నా కుడి కంటికి రెటీనా ఆపరేషన్ చేసినా చూపు రాలేదు. ఇక ఒక్క కంటితోనే అలవాటు పడాలని డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. విజయవాడలో జాకెట్లు కుట్టే కొట్టు నాది. ఇంటికొచ్చాక గ్లాసులో పోయబోయిన టీ గట్టు మీద పడేది. మెట్టు ఉందనుకుని వేసిన కాలు గాల్లో ఉండిపోయేది. నెల తిరక్కుండానే మూడుసార్లు పడ్డాను. కొట్టు మూసేసి, కంకిపాడు దగ్గర మా అక్క ఇంటికి వెళ్లిపోయాను.

ఆ వారమే వాళ్ల గొడ్లపాక ముందు సిమెంటు కాలవ కట్టి, దాటడానికి ఒక పలక వేశారు. పలక తెల్లగా ఉంది, దాని అంచున నీడ నల్లగా పడుతోంది. వాళ్ల గేదె అక్కడికి రాగానే కాళ్లు బిగదన్నేసేది. బావగారు పలుపు పొట్టిగా పట్టుకుని లాగేవారు. మూడో రోజు కర్ర కూడా తీశారు. అయినా అది వెనక్కే నడిచింది. అంతంత కళ్లున్నాయి, ఎదురుగా ఉన్న పలక కనపడదా అని ఆయన విసుక్కున్నారు.

ఆ మధ్యాహ్నం టీకాలు వేయడానికి పశువుల డాక్టరమ్మ వచ్చారు. గేదె ఎందుకు దాటడం లేదని ఆవిణ్ణి అడిగాను. గేదె కళ్లు తలకి చెరో పక్కా ఉంటాయట. దాదాపు చుట్టూ కనిపిస్తుందిగానీ, రెండు కళ్లూ కలిసి చూసేది ముక్కు ముందు కొంచెం మేరేనట. లోతు బాగా తెలియాలంటే తల దించి, ఆగి చూసుకోవాలట. తల ఎత్తి పట్టుకుని లాగితే ఆ నీడ దానికి గొయ్యిలా తోచవచ్చని అన్నారు.

ఒక్క కంటికి లోతు అందక, మెట్ల దగ్గర నాకు జరుగుతున్నదీ ఇలాంటిదే.

సాయంత్రం బావగారు మళ్లీ పలుపు బిగించారు. ఆయనకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. అయినా నోరు విప్పాను.

"పలుపు వదులు చెయ్యండి బావగారూ. దాన్ని తల దించుకోనివ్వండి."

"వదిలితే పారిపోద్దమ్మా."

"పారిపోదండీ. చూసుకోడానికి దానికి టైం కావాలి. నాకూ అంతే."

ఆయన నా ముఖంలోకి చూశారు. కర్ర కింద పెట్టి, పలుపు వదులు చేశారు. గేదె మెడ చాచి పలకను వాసన చూసింది. ముట్టెతో అంచు తడిమింది. చాలాసేపు అలాగే నిలబడింది. ఒక కాలు పెట్టి తీసేసింది, మళ్లీ పెట్టింది. నాలుగడుగుల్లో అవతల ఉంది. పక్కనే నిలబడ్డ అక్క నా భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది.

ఆ మర్నాటి నుంచి నేనూ తొందర మానేశాను. గిన్నె మూతిని గ్లాసు అంచుకి ఆనించి పోశాను. కాలివేళ్లతో తడిమి చూశాకే మెట్టు దిగాను. ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు కొన్నాళ్లు ఉండి, పోయింది.

మూడు నెలలకు కొట్టు తెరిచాను. మొదటి జాకెట్టుకు రోజంతా పట్టిందిగానీ కుట్టు తిన్నగా వచ్చింది. అది వేసుకున్నావిడ మరుసటి ఆదివారం తన చెల్లెల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది.